బొటనవేలి కింది రంగు

పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు కనకవ్వ సాక పోసింది. కల్లుతో కాదు, నీళ్లతో.

వాకిట్లో విస్తరేసి, అన్నమూ గారెలూ వడ్డించి, ముందు మొగుడి పేరు, తర్వాత కొడుకు పేరు పిలిచింది. పోయినవాళ్లను తలుచుకుని నేల మీద కల్లు ధార విడిస్తే వాళ్లు వచ్చి కడుపునిండా తిని పోతారని ఆ వైపు ఊళ్లలో నమ్మకం. కనకవ్వ చెంబెడు నీళ్లు ఒంపేసి, కొంగుతో చేయి తుడుచుకుని లేచింది.

"అవ్వా, ఈయేడు గూడ నీళ్లేనా? నాయినకు కోపమొస్తది" అంది కూతురు సుభద్ర.

"రానీ. గా కల్లే గదనే ఇద్దర్ని మింగింది? డిపో రాజలింగం సచ్చిననాడు పోస్త సాక. అసలు సిసలు చెట్టుకల్లు తెచ్చి పోస్త. గందాక నీళ్లే తాగుమను."

సుభద్ర పట్నంలో పెద్ద డాక్టరు. జబ్బుల మీద పరిశోధన చేసే చోట కొలువు. అయినా ఆ మాట వింటే ఆమెకూ కడుపు చల్లబడేది. తల్లి నోటితో తిట్టేది. కూతురు పళ్లు బిగించి ఊరుకునేది. పగ ఒకటే, పొయ్యిలు రెండు.

రాజలింగం ఆ ఊళ్లో కల్లు డిపో నడిపినవాడు. ఊరి చుట్టూ తాటితోపులు నానాటికీ ఎండిపోతున్నా డిపోలో సీసాలకు కరువుండేది కాదు. తాటిచెట్టు ఆవు కాదు కదా, దాణా పెట్టి ఎక్కువ పిండుకోవడానికి. ఆ సీసాల్లో ఉన్నది చెరువు నీళ్లు, చక్కెర మాత్రలు, ఒక తెల్ల పొడి. ఆ పొడికి అలవాటు పడినవాడికి ఒకపూట సీసా దొరక్కపోతే చేతులు వణికేవి, చొక్కా చింపుకునేవాడు. దొరికితే నవ్వుతూ పడుకునేవాడు. నవ్వుతున్నవాడి కాలేయాన్ని పొడి లోలోపల చెదలా తినేది. పైకి ఏమీ తెలిసేది కాదు.

అప్పుడొచ్చింది ఊపిరిజ్వరం. గాలిలో తేలి వచ్చే పురుగు. ఊరంతా దగ్గింది. కొందరు దగ్గి లేచారు, కొందరు దగ్గి పోయారు. సుభద్ర తండ్రి సాయిలు, తమ్ముడు అంజి ఒకే వారంలో పోయారు. అంజి వడ్ల బస్తాను ఒంటిచేత్తో భుజానికెత్తుకునే పిల్లవాడు. ఊరి చివర చాయ్ అమ్మే ముసలాయన, గాలేస్తే పడిపోయేలా ఉండేవాడు, అదే జ్వరం పట్టి, పడిన మంచంలోనే లేచి కూర్చుని బీడీ అడిగాడు. ఆయన జన్మలో డిపో గడప తొక్కలేదు.

తండ్రి చావుకు వచ్చి, తమ్ముడి చావు కూడా చూసిన సుభద్ర గడపగడపా తిరిగి చూసింది. డిపోకు పోయినవాళ్ల ఇళ్లలోనే ఏడుపులు. ఆమెకు లెక్క తేలిపోయింది. ఈ జ్వరం దిగేది ఊపిరితిత్తుల్లోనే. కానీ ఉండాలా పోవాలా అని అడిగేది కాలేయాన్ని. ఊపిరితిత్తుల్లో మంట లేస్తే దాన్ని ఆర్పే సరుకూ, ఎగదోసే సరుకూ రెండూ కాలేయం వంటింట్లోంచే పోతాయి. వంటింటామె బాగుంటే మంట ఆరుతుంది. ఆమె మంచాన పడితే ఇల్లే తగలబడుతుంది.

అట్లా అయితే జ్వరం రాకముందే చూడొచ్చు కదా, ఎవరి వంటిల్లు ఎలా ఉందో?

ఆ చూసే దారి ఆమెకు తల్లే నేర్పింది, తెలియకుండా. కనకవ్వ అంగట్లో కుండ కొనేముందు వేలి కణుపుతో తట్టేది. ఖంగుమంటే మంచి కుండ. బొద్దుమంటే లోపల నెర్రె. సుభద్ర చేసిన పళ్లెమూ అంతే. అన్నం తినే పళ్లెమంత ఉంటుంది. కుడివైపు పక్కటెముకల కింద ఆనిస్తే లోపలికి చిన్న చప్పుడు పంపి కాలేయాన్ని తట్టుతుంది. తిరిగొచ్చిన చప్పుడును బట్టి పైన రంగు వెలుగుతుంది. ఆకుపచ్చ వస్తే జ్వరం తగిలినా దగ్గి లేస్తారు. పసుపు వస్తే జాగ్రత్త. ఎరుపు వస్తే ముదురుతుంది. వేలమంది మీద చూశారు. తప్పింది చాలా తక్కువ.

పళ్లెం అంచున, పట్టుకున్నవాళ్ల కుడి బొటనవేలు పడేచోట ఒక చిన్న మీట ఉండేది. కొత్త నర్సులకు పని నేర్పేటప్పుడు దాన్ని నొక్కితే కావలసిన రంగు వెలుగుతుంది. ఏ రంగుకు ఏం చెప్పాలో వాళ్లు వల్లెవేసేవారు.

ఆ వల్లెవేయడం ఊరికే పెట్టింది కాదు. మొదట్లో ఒక నేతకారుడికి ఎరుపు వచ్చింది. ఎవరో తొందరలో "ఎరుపు" అని మాత్రం చెప్పి పంపేశారు. ఆయన ఇంటికి పోయి, ఇక తిని ఏం లాభమని కూడు మానేశాడు. జ్వరం ఆయన గడప తొక్కనేలేదు. భయమే తీసుకుపోయింది. ఆ రోజు పరిశోధనశాల పెద్ద ప్రభావతి మేడం అందరినీ నిలబెట్టి చెప్పింది.

"ఎరుపు ఒంటరిగా గడప దాటకూడదు. దాంతో పాటు మాటలు పోవాలి. కడుపునిండా తిను. ఆకుపసర్లు తాగకు. జ్వరం మాత్రలు నీ అంతట నువ్వు మింగకు. మొదటి దగ్గుకే మా దగ్గరికి రా, సూది ఉంది, బతుకుతావు. ఈ మాటలు చెప్పకుండా రంగు చూపించినవాళ్లు మనిషిని చంపినట్టే."

అప్పుడు అందరికంటే గట్టిగా తలూపింది సుభద్రే.

ఊపిరిజ్వరం మళ్లీ బయల్దేరిందని, సముద్రం వైపు ఊళ్లలో కనబడిందని కబురొచ్చింది. పళ్లేలు మండలాలకు పంచారు. సుభద్ర తన మండలాన్ని తానే అడిగి తీసుకుంది. సొంత ఊరి మీద ప్రేమ అనుకున్నారు అందరూ.

"వాడు గూడ వస్తడా?" అడిగింది కనకవ్వ.

"ఊరంత రావాలె. పిలుపు అందరికీ పోయింది."

"వానిది ఎరుపు గాదు, నల్లగ వస్తది సూడు. ఊరి ఉసురు యాడికి పోతది?"

సుభద్ర ఎన్నో ఏళ్లుగా ఆ ఘడియనే కలగంది. రాజలింగం బల్ల మీద పడుకుంటాడు. తన పళ్లెం ఎర్రగా వెలుగుతుంది. నువ్వు పోసిన విషం నీ కడుపులోనూ ఉంది అని చెప్పి, వాడి మొహం చూడాలి. అంతే. అంతకుమించి ఆమె ఏమీ కోరుకోలేదు. అప్పటికి మాత్రం.

బడిలో బల్లలు వేశారు. రాజలింగం వచ్చాడు. తెల్లబట్టలు, చేతికి ఉంగరాలు. డిపో ఎప్పుడో మూసేసి పిండిమిల్లు పెట్టుకున్నాడు. గుమ్మంలోనే నర్సు సలోమిని ఆటపట్టించాడు.

"ఏం సిస్టరమ్మా, పళ్లెం పట్టుకున్నవు, బువ్వేమన్న పెడతవా?"

"పెడతా తాతా, ముందు చొక్కా పైకెత్తు."

అందరూ నవ్వారు. వాడి నవ్వు అందరికంటే పెద్దది. సుభద్ర ముందుకొచ్చి సలోమి చేతిలోంచి పళ్లెం తీసుకుంది.

"ఈయన్ని నేను చూస్త. నువ్వు బయటోళ్లను వరసల నిలబెట్టు."

రాజలింగం బల్ల మీద వెల్లకిలా పడుకుని ఆమె మొహంలోకి చూశాడు. "ఎవరి బిడ్డవమ్మా? ఎక్కడ్నో చూసినట్టున్నది."

"బోయిని సాయిలు బిడ్డను, మామా."

"ఓహో, సాయిలు! బంగారమసోంటోడు. రోజూ అందరికంటె ముందొచ్చేది. సీసా చేతిల పెడితే దండం బెట్టి తాగేది. గసోంటి గిరాకి మళ్ల దొరకలే."

ఆమె పళ్లెం ఆనించింది. చప్పుడు లోపలికి పోయి తిరిగొచ్చింది.

ఆకుపచ్చ. పొద్దుటినుంచి బల్ల మీద పడుకున్నవాళ్లలో ఎవరికీ రాని పచ్చ. అప్పుడే మొలిచిన వరినారు లాంటి పచ్చ.

సుభద్ర పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టింది. మళ్లీ పచ్చే.

"మామా, నువ్వు కల్లు తాగేటోనివి కాదా?"

వాడు పొట్ట ఊగేలా నవ్వాడు. "నాకేం కర్మ బిడ్డా! గది తాగేటోళ్లకు గాని అమ్మేటోనికా? మా ఇంట్ల ఒక్క బొట్టు రానియ్యలే. నా కొడుకు ఒక్కసారి మూతి పెడితే నడుము ఇరగ్గొట్టిన."

సీసాల్లో ఏముందో వాడికి మొదటినుంచీ తెలుసు. అందరికీ పోశాడు. తన కొడుకును మాత్రం కాపాడుకున్నాడు. రేపు ఊపిరిజ్వరం ఊళ్లోకి వస్తుంది. డిపో సీసాలు తాగి మిగిలినవాళ్లు కూడా పోతారు. వీడు దగ్గి, లేచి, చాయ్ అడుగుతాడు. ఇది తన పళ్లెమే చెబుతోంది. తండ్రి పీనుగ మీద, తమ్ముడి పీనుగ మీద కట్టుకున్న పళ్లెం వీడికి నూరేళ్లు నిండుగా బతకమని దీవెన ఇస్తోంది.

సుభద్ర బొటనవేలు జరిగింది.

"ఏ రంగొచ్చిందమ్మా?" తల ఎత్తి చూడబోయాడు రాజలింగం.

ఆమె పళ్లేన్ని వాడి కళ్ల ముందుకు తిప్పింది. ఎర్రగా, కుంపట్లో నిప్పులా వెలుగుతోంది.

వాడి నవ్వు సగంలో ఆగింది. "గిదేంది? నేను... నేను చుక్క ముట్టలే గదా!"

"లోపల ఎట్లుందో పళ్లేనికి తెలుస్తది. జ్వరం తగిలితే నువ్వు మిగలవు మామా."

"మరి మందు? ఏం జెయ్యాలె? ఏం తినాలె?"

చెప్పవలసిన మాటలు నాలుక మీదికి వచ్చాయి. ఎన్ని వందలసార్లు చెప్పిందో ఆ మాటలు. నిద్రలో లేపినా వల్లిస్తుంది. పళ్లు గట్టిగా బిగించింది.

చిట్టాలో ఎరుపు అనీ, మాటలు చెప్పాననీ రాసి, "తర్వాత ఎవరు?" అని గుమ్మం వైపు కేక వేసింది.

ఇంటికి పోయి తల్లికి చెప్పింది. వాడిది నిజంగా పచ్చేననీ, మీట నొక్కి ఎరుపు చూపించాననీ దాచకుండా చెప్పింది. కనకవ్వ నవ్వింది. మొగుడూ కొడుకూ పోయాక ఆ ఇంట్లో వినబడని నవ్వు.

"కంచం కడుక్కో బిడ్డా. నాటుకోడి కోస్త."

ఆ కూర ఎంత రుచిగా ఉందో సుభద్రకు చాలాకాలం గుర్తుంది.

ఆమె పట్నం వెళ్లిపోయింది. కబుర్లు ఫోన్లో వచ్చేవి. కనకవ్వ పంచాంగం చదివినట్టు చదివేది.

"వాడు పచ్చకామెర్లే అనుకుంటుండు బిడ్డా. కాలిజం చెడితే గదే గదా అని ఎవరో చెప్పిండ్రట. చేతి మీద వాత బెట్టించుకున్నడు. ఉప్పు బంద్, నూనె బంద్. మజ్జిగల మెతుకులు పిసుక్కొని తాగుతుండు."

ఇంకోరోజు, "తెల్లారంగనే పసరు తాగుతుండు. ఒక ఊరి పసరు చాలదని మూడూళ్ల పసర్లు. ఒగడు ఇచ్చింది ఇంకొగనికి చెప్పడు. పెండ్లాం బువ్వ తెస్తే కంచం ఇసిరికొట్టిండట, నన్ను చంపుతానికి తెచ్చినవానే అని."

ఇంకోరోజు, "ఒళ్లు జెర వేడైతే చాలు, జొరం గోలీలు బుక్కుతుండు. పుట్నాలు బుక్కినట్టు. బక్కచిక్కి బొక్కలు తేలినయి బిడ్డా. నేను గుడికాడ నిలవడి కడుపునిండ చూసిన."

ఫోన్ పట్టుకుని సుభద్ర వినేది. ఖాళీ కడుపు, తెలియని ఆకుల పసరు, జ్వరం మాత్రలు. ఏ ఒక్కటైనా కాలేయం తట్టుకుంటుంది. మూడూ కలిస్తే మంచి కుండ కూడా నెర్రె ఇస్తుంది. ఒక్క మాట చెబితే చాలు. సలోమికి ఫోన్ చేసి, రాజలింగం దగ్గరకు పోయి చెప్పవలసినవి చెప్పిరా అంటే చాలు. ఒకసారి ఫోన్ చేసింది కూడా. సలోమి ఎత్తింది.

"చెప్పండి మేడం."

"ఏంలేదు సలోమీ. పళ్లేలు శుభ్రంగా తుడుస్తున్నరా?"

"తుడుస్తున్నం మేడం."

"సరే" అని పెట్టేసింది. చివరి రోజు అంజి తన చేయి పట్టుకుని, అక్కా, గాలి ఆడ్తలేదే అన్న మాట చెవిలో వినబడింది. దాంతో మనసు మళ్లీ రాయి అయింది.

ఊపిరిజ్వరం మండలానికి వచ్చిననాడు సుభద్ర సూదిమందు తీసుకుని వచ్చింది. ఎర్రరంగు వచ్చినవాళ్లను మొదటి దగ్గుకే పట్టుకుని సూది వేస్తున్నారు. చాలామంది లేచి కూర్చుంటున్నారు. డిపో సీసాలు తాగి బతికి ఉన్నవాళ్లు కూడా. పళ్లెం పని చేసింది. ఊరు ఆమెకు దండం పెట్టింది.

రాజలింగాన్ని నులకమంచం మీద మోసుకొచ్చారు. కళ్లు పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. ఉంగరాలు వేళ్లకు నిలవక దారంతో కట్టుకున్నాడు. దగ్గు వచ్చి చాలా రోజులైందట. ఆసుపత్రికి పోతే సూదేసి చంపుతారని పసర్లవాడు చెబితే ఇంట్లోనే దాక్కున్నాడు.

సుభద్ర పళ్లెం ఆనించింది. బొటనవేలిని మీటకు దూరంగా, గాలిలోకి ఎత్తిపట్టుకుంది.

ఎరుపు వచ్చింది. ఎవరూ నొక్కకుండానే వచ్చింది.

రాజలింగం ఆ రంగు చూసి, తెలిసినవాణ్ని చూసినట్టు తలూపాడు. ఆమె చేయి పట్టుకున్నాడు. ఆ చేయి కాలుతోంది.

"నువ్వు... ముందుగాలనే చెప్పినవు బిడ్డా. నీ పళ్లెం సత్తెంగలది. నేనే... ఇంకింత పసరు తాగాలెనేమో. తప్పు నాదే." ఊపిరి కోసం ఆగాడు. "సాయిలు అదృష్టవంతుడు. గిసోంటి బిడ్డను కన్నడు. సల్లగుండు."

శత్రువు తిడుతూ చస్తాడనుకుంది ఆమె. దీవించి చస్తాడని ఎన్నడూ అనుకోలేదు. నీది పచ్చరా, నేనే నిన్ను చంపాను, మా నాయిన కోసం, అంజి కోసం చంపాను అని వాడి చెవిలో చెప్పాలనుకుంది. అది చెప్పకపోతే పగ తీరినట్టు కాదు. చెబితే పక్కనే ఉన్న సలోమి వింటుంది. ఆమె సూది వేసింది. మందు పట్టలేదు. రాజలింగం పోయాడు.

పట్నం నుంచి ప్రభావతి మేడం ఫోన్ చేసింది. "సుభద్రా, ఆయన కల్లు ముట్టడు, జబ్బు లేదు, అయినా ఎంతో ముందే పట్టింది మన పళ్లెం! రేపు పెద్దల సభలో మొదట ఈ మనిషి సంగతే చెబుతాను."

"చెప్పండి మేడం" అంది సుభద్ర.

జ్వరంతో పోయిన శవం దగ్గరికి ఎవరూ రావద్దని దండోరా వేయించారు. కనకవ్వ ఆగలేదు. కళ్లారా చూడందే నమ్మనంది. ముసుగేసుకుని జనంలో దూరి పాడె దాకా పోయి, వంగి, మొహం మీది బట్ట తొలగించి చూసింది. తిరిగొస్తూ గీతకార్మికుడి దగ్గర చెట్టుకల్లు ముంత తీసుకుంది. వాకిట్లో నిలబడి మొగుడి పేరు పిలిచింది, కొడుకు పేరు పిలిచింది. ముంత ఒంచింది.

"తాగుండ్రి. అక్కరదీర తాగుండ్రి. మీ బిడ్డ పోసిన సాక."

నేల ఆ కల్లును ఇట్టే పీల్చేసింది.

కొన్నాళ్లకు కనకవ్వకు దగ్గు మొదలైంది.

సుభద్ర వచ్చేసరికి కనకవ్వ అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. ఒళ్లు కాలుతోంది కానీ ఊపిరి బాగానే ఆడుతోంది. పళ్లెం ఆనించింది. ఆకుపచ్చ వెలిగింది. సుభద్ర ప్రాణం లేచివచ్చింది.

"పచ్చనే అవ్వా! నీకేం గాదు. దగ్గి దగ్గి అదే పోతది. కడుపునిండ తిని పండుకో."

కనకవ్వ రంగు వైపు చూసింది. కూతురి మొహంలోకి చూసింది.

"వానికి చెప్పినప్పుడు గూడ నీ మొకం గిట్లనే ఉండెనా బిడ్డా?"

సుభద్ర పళ్లేన్ని ఒళ్లోకి దించుకుంది.

"నేను బయపడ్తనని పచ్చ చూపెడ్తున్నవు. ఎరుకే నాకు. కన్నదాన్ని."

"అట్ల గాదవ్వా. నీ మీద ఒట్టు. అంజి మీద ఒట్టు. నిజంగ పచ్చనే."

"సరేలే. ఏడ్వకు." కనకవ్వ కూతురి తల నిమిరింది. పక్కనున్న అన్నం కంచాన్ని మెల్లగా అవతలికి నెట్టింది. దాని వెనక, గోడ వారన ఒక ఇత్తడి గ్లాసు ఉంది. అందులో అడుగున చిక్కటి ఆకుపసరు, సగం తాగి పెట్టింది.

సుభద్ర గ్లాసు లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. సాక పోసిన చోటే పడి దొర్లింది అది. పళ్లేన్ని మళ్లీ తల్లి డొక్కకు ఆనించింది. మళ్లీ పచ్చే.

"చూడు అవ్వా, చూడు! ఒక్కసారి రంగు చూడు!"

కనకవ్వ రంగు చూడలేదు. కూతురి బొటనవేలు ఎక్కడుందో చూస్తోంది.